కూలీల ఆటోకు మినహాయింపు వద్దు... పనికెళ్లే బండికి దారి వదలాలి

పసుపు తవ్వకాలు మొదలైంది మొదలు కళ్లాలు ఖాళీ అయ్యేదాకా, అంటే దాదాపు జనవరి నుంచి ఏప్రిల్ వరకు, ఆర్మూర్ చుట్టుపక్కల రోడ్లకు రాత్రీ పగలూ తేడా తెలియదు. 44వ, 63వ జాతీయ రహదారులు కలిసే ఈ పట్టణం మీదుగానే వేల్పూర్, మోర్తాడ్, బాల్కొండ వైపు పల్లెల పంట నిజామాబాద్ యార్డుకు చేరుతుంది. కూలీలను చేలకు దింపే ఆటోలు, బస్తాలు మోసే ట్రాలీలు, ట్రాక్టర్లు, విత్తన కంపెనీలకు ఎర్రజొన్న తరలించే లారీలు ఒకదాని వెనక ఒకటి సాగుతుంటాయి. జిల్లా పేజీల్లో డ్రంక్ అండ్ డ్రైవ్ కేసుల వార్తలు మాత్రం ఏ కాలంలోనూ ఆగవు. ఒకరికి జరిమానా, ఇంకొకరికి రెండు రోజుల జైలు అని నాలుగు వాక్యాల్లో ముగిసిపోయే ఆ వార్తల వెనక కోర్టు వరండాలో, రవాణా కార్యాలయం మెట్ల మీద ప్రతిసారీ వినిపించే ప్రశ్న ఒకటుంది: ‘లైసెన్సు గుంజుకుంటే ఎట్ల బతకాలె?’ తాగి నడిపినవాడికి ఆ మాట అడిగే అర్హత లేదని కొట్టిపారేయడం తేలిక. కానీ దానికి సరైన జవాబు లేకపోవడం వల్లే లైసెన్సు అనర్హత అన్న శిక్ష మన దగ్గర అటు బెదిరింపుగానూ, ఇటు రక్షణగానూ పనిచేయడం లేదు.

చట్టం ఏం చెబుతోందో ముందుగా చూడాలి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే 1988 నాటి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణల ప్రకారం తొలిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు, పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు, పదిహేను వేల జరిమానా, లేదా రెండూ. ఇంతవరకు అందరికీ తెలుసు. తక్కువమందికి తెలిసింది 20వ సెక్షన్. 185 కింద దోషిగా తేలినవారిని కనీసం ఆరు నెలలపాటు లైసెన్సుకు అనర్హులుగా కోర్టు ప్రకటించి తీరాలని అది నిర్దేశిస్తోంది. కొన్ని ఇతర నేరాల్లో ‘ప్రత్యేక కారణాలు’ రాసి వదిలేసే వీలుంది కానీ ఇక్కడ లేదు. దీనికి తోడు 206వ సెక్షన్ కింద పోలీసులు లైసెన్సును స్వాధీనం చేసుకుని రవాణా అధికారికి పంపవచ్చు. అక్కడ 19వ సెక్షన్ కింద తొలి తప్పుకు మూడు నెలల అనర్హత, మలి తప్పుకు ఏకంగా రద్దు. లైసెన్సు తిరిగి చేతికి రావాలంటే పునశ్చరణ శిక్షణ పూర్తిచేయాలి. సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రత కమిటీ కూడా 2015 ఆగస్టులోనే తాగి నడపడం, సెల్‌ఫోన్‌లో మాట్లాడుతూ నడపడం, సరకు వాహనాల్లో మనుషులను ఎక్కించడం వంటి తప్పులకు మూడు నెలలకు తగ్గకుండా లైసెన్సు నిలిపివేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. హెల్మెట్ లేకపోయినా, ఒకే బైకుపై ముగ్గురెక్కినా మూడు నెలల అనర్హత తప్పదని 2019 సవరణలు రాశాయి. ఒక శిక్షను అన్ని తప్పులకూ ఇలా పంచిపెడితే దాని బరువు తగ్గిపోతుంది. నెత్తిన హెల్మెట్ లేనివాడికీ, కూలీలతో నిండిన ఆటోను మత్తులో నడిపినవాడికీ మధ్య చట్టం చూపిన తేడా మూడు నెలలు మాత్రమే!

అంతకంటే పెద్ద లోపం మరొకటుంది. బ్రీత్ ఎనలైజర్‌లో 35 చూపినా 250 చూపినా మన దగ్గర కనీస అనర్హత ఒక్కటే. జర్మనీలో అలా కాదు. అక్కడ 50 మిల్లీగ్రాములు దాటితే తొలిసారి 500 యూరోల జరిమానా, ఒక నెల నిషేధం. 110 దాటితే అది క్రిమినల్ నేరమై లైసెన్సు పూర్తిగా పోతుంది, కనీసం ఆరు నెలల వరకు కొత్తది ఇవ్వరు. మన 30 మిల్లీగ్రాముల పరిమితి ఇంగ్లండులోని 80తో, అమెరికాలోని అత్యధిక రాష్ట్రాల 80తో పోలిస్తే చాలా కఠినమైనది. అది మంచిదే. కానీ కఠినమైన పరిమితికి మెట్లులేని శిక్షను జతచేస్తే, అంచున దొరికినవాడి మీద జాలి పుట్టి మొత్తం చట్టాన్నే చూసీచూడనట్లు వదిలేసే అలవాటు వ్యవస్థకు అబ్బుతుంది.

ఇక ఉపాధి సంగతి. ఫిబ్రవరిలో ఆర్మూర్ డివిజన్‌లోని ఒక ట్రాలీ ఆటో యజమానికి ఈ శిక్ష పడిందనుకుందాం. వాహనం ఫైనాన్స్‌లో కొన్నది, నెలనెలా కిస్తీ కట్టాలి. పసుపు ఉడకబెట్టి, ఆరబెట్టి, డ్రమ్ములో పాలిష్ పట్టి, కొమ్ము, మండ వేరుచేసి బస్తాలకు ఎత్తిన రైతు రాత్రిపూటే ఫోన్ చేస్తాడు. పొద్దున వేలానికి ముందే రాశి యార్డులో పడాలి. పాతిక కిలోమీటర్లకు పైబడిన ఆ దారిలో వరసగా తిరిగే రెండు మూడు నెలల కిరాయే ఏడాది మొత్తానికి ఆధారం. ఫిబ్రవరిలో మొదలైన ఆరు నెలల అనర్హత పసుపు సీజన్‌నూ, ఆ వెంటనే వచ్చే వానాకాలం విత్తనాలు, ఎరువుల కిరాయినీ కలిపి తుడిచిపెట్టేస్తుంది. అదే శిక్ష ఆగస్టులో మొదలైతే నష్టం అందులో సగం కూడా ఉండకపోవచ్చు. సొంత కారులో తిరిగే ఉద్యోగికి ఆరు నెలలంటే బస్సెక్కడం లేదా డ్రైవరును పెట్టుకోవడం. చట్టం ముందు ఇద్దరూ సమానమే కానీ ఇద్దరికీ పడిన శిక్ష ఒకటి కాదు. జీవనోపాధి హక్కు 21వ అధికరణలో భాగమని 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయమైన పద్ధతి ప్రకారం ఆ హక్కును పరిమితం చేయవచ్చనీ అదే తీర్పు సారాంశం. కాబట్టి బతుకుతెరువు పేరు చెప్పి శిక్షను ఎగ్గొట్టే వీలు రాజ్యాంగంలో లేదు. పద్ధతి న్యాయంగా ఉండాలని అడిగే వీలు మాత్రం ఉంది.

ఆ ఆరు నెలల్లో నిజంగా ఏం జరుగుతుంది? చాలామంది నడుపుతూనే ఉంటారు. రెండు రోజుల జైలు అందరికీ కనపడుతుంది, లైసెన్సు అనర్హత ఎవరికీ కనపడదు. రోడ్డు మీద తనిఖీ చేసే కానిస్టేబుల్ చేతిలోని పరికరానికి ఆ ఉత్తర్వు చేరకపోతే జేబులోని పాత కార్డు చెల్లినట్టే. అనర్హత ఉండగా నడిపితే 182వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, పది వేల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అసలు ప్రమాదం అంతకంటే పెద్దది. అనర్హత కాలంలో ఉన్న డ్రైవరు చేతిలో వాహనం ప్రమాదానికి గురైతే బాధ్యత తప్పించుకోవడానికి బీమా సంస్థకు చట్టమే ఒక సాకు ఇస్తోంది. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చూపిన దారిలో ట్రైబ్యునళ్లు ఇలాంటి సందర్భాల్లో బాధితులకు ముందు బీమా సంస్థ చేతే డబ్బు ఇప్పించి, ఆపై వాహన యజమాని నుంచి వసూలు చేసుకొమ్మంటుంటాయి. అంటే ఒక మనిషి ప్రాణానికి ట్రైబ్యునల్ కట్టిన లక్షల రూపాయల పరిహారం చివరికి ఆ ట్రాలీ యజమాని ఇంటి మీదకు, ఎకరం పొలం మీదకు వచ్చి పడుతుంది. యజమాని వేరొకరైతే, అనర్హుడని తెలిసీ తాళం ఇచ్చినందుకు 180వ సెక్షన్ కింద అతడూ దోషే. కిస్తీ కోసం దొంగచాటుగా నడిపే ప్రతి రాత్రీ ఆ కుటుంబం తన సర్వస్వాన్నీ పణంగా పెడుతోందన్న సంగతి వారికి ఎవరూ విడమరిచి చెప్పడం లేదు. అదే నన్ను ఎక్కువగా బాధించే విషయం.

ఈ చిక్కుముడికి కొన్ని దేశాలు ‘పని కోసం పరిమిత లైసెన్సు’ అన్న మార్గం కనిపెట్టాయి. అమెరికాలో చాలా రాష్ట్రాలు దీన్ని ఇస్తాయి. విస్కాన్సిన్‌లో రోజుకు 12 గంటలు, వారానికి 60 గంటలు మించకుండా ఉద్యోగం, ఇంటి అవసరాలకు నడుపుకోవచ్చు. ఏయే వేళల్లో, ఎక్కడికి అన్నదీ అందులోనే రాసి ఉంటుంది. ఊదితేనే ఇంజిన్ స్టార్టయ్యే పరికరాన్ని బండికి బిగించాలన్న షరతు చాలాచోట్ల ఉంది. అది బిగించి ఉన్నంతకాలం మళ్లీ తాగి నడపడం బాగా తగ్గుతుందనీ, తీసేశాక ఆ ప్రభావం నిలవదనీ అక్కడి పరిశోధనలు చెబుతున్నాయి. 1971లో బెల్ వర్సెస్ బర్సన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ముందుకొచ్చింది జార్జియా రాష్ట్రంలో పల్లెలు తిరిగి ప్రార్థనలు జరిపించే ఒక మతబోధకుడు. బతుకుతెరువుకు లైసెన్సు అవసరమైనప్పుడు వాదన వినకుండా దాన్ని తీసేయడం కుదరదని ఆ తీర్పు తేల్చింది.

అయితే అమెరికా ఉదాహరణ చెప్పేవాళ్లు ఒక ముఖ్యమైన సంగతి వదిలేస్తారు. బస్సులు, భారీ లారీలు నడిపే వాణిజ్య లైసెన్సుదారులకు అక్కడ ఈ సడలింపు వర్తించదు. తొలిసారి తాగి దొరికితే ఏడాది అనర్హత, రెండోసారి దొరికితే జీవితాంతం. ఆ కాలంలో వాణిజ్య వాహనం నడపడానికి ఏ రాష్ట్రమూ తాత్కాలిక అనుమతి ఇవ్వకూడదని సమాఖ్య నిబంధన ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో కోర్టు పని లైసెన్సు ఇస్తుంది కానీ అనర్హత ప్రకటించకముందే దరఖాస్తు చేసుకోవాలి, రక్తంలో ఆల్కహాల్ 150 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, ఉపాధి పోతే కుటుంబం తీవ్రంగా దెబ్బతింటుందని నిరూపించాలి. పట్టుబడినప్పుడు పనిలో భాగంగా నడుపుతున్నవారికి అది దొరకదు. పక్కనే ఉన్న న్యూసౌత్‌వేల్స్‌లో అసలు అలాంటి లైసెన్సే లేదు. న్యూజిలాండ్‌లో పరిమిత లైసెన్సుకు 28 రోజులు ఆగాలి. ఇంగ్లండు మరీ కఠినం. పెనాల్టీ పాయింట్లు 12కు చేరి నిషేధం పడేవారు ‘అసాధారణ కష్టం’ అని వేడుకోవచ్చు కానీ తాగి నడిపితే ఆ మాట చెల్లదు, ఏడాది నిషేధం ఖాయం. శిక్షణ కోర్సు పూర్తిచేస్తే నిషేధంలో నాలుగోవంతు వరకు తగ్గుతుంది, అంతే. ఉదారంగా ఉన్న చోట్ల కూడా రాయితీ పనికి వెళ్లే మనిషికే ప్రధానంగా దక్కుతోంది, జనాన్ని మోసే డ్రైవరుకు కాదు. మన చర్చల్లో ఈ రెండింటినీ కలిపేస్తున్నారు.

ఆర్మూర్‌కు అన్నిటికంటే పనికొచ్చే పాఠం జర్మనీది. కొద్దికాలపు నిషేధం పడినవారు, గత రెండేళ్లలో అలాంటిది పడి ఉండకపోతే, దాన్ని ఎప్పుడు మొదలుపెట్టాలో నాలుగు నెలల్లోపు తామే ఎంచుకోవచ్చు. దాంతో శిక్ష తగ్గదు, పంట కాలం మీద మాత్రం పడదు. రెండోది, ప్రత్యేక పరిస్థితులుంటే ఒక రకం వాహనాన్ని నిషేధం నుంచి మినహాయించే అధికారం అక్కడి కోర్టులకు ఉంది. పొలం పనుల ట్రాక్టర్ల విషయంలో దాన్ని వాడిన సందర్భాలున్నాయి.

మన చట్టంలోనూ ఈ రెండోదానికి చోటుందన్న సంగతి మరుగున పడింది. 20వ సెక్షన్ మొదటి ఉపసెక్షన్ ప్రకారం అనర్హత ‘అన్ని తరగతుల’ వాహనాలకూ ఉండవచ్చు, లేదా ‘ఏదైనా ఒక తరగతి లేదా రకం’ వాహనాలకే ఉండవచ్చు. 185 కింద తప్పనిసరిగా ఇవ్వాల్సిన అనర్హత కూడా ఆ ఉపసెక్షన్ కింద ఇచ్చేదే. 23వ సెక్షన్ కూడా ఉత్తర్వులో చెప్పిన ‘మేరకు’ అనే అంటోంది. రవాణా అధికారికి 19వ సెక్షన్ ఇచ్చిన అధికారమూ ఇలాంటిదే, పైగా లైసెన్సుదారు వాదన వినాలి, కారణాలు రాయాలి, ముప్ఫై రోజుల్లో అప్పీలు చేసుకోనివ్వాలి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను తేలికపాటి వాహనాల (ఎల్‌ఎంవీ) మామూలు లైసెన్సుతోనే నడపవచ్చని తేల్చాక సొంత కారు, ట్రాలీ ఆటో ఒకే తరగతిలోకి వచ్చాయి. కాబట్టి ‘తరగతి’ ఒక్కటే రాస్తే సరిపోదు. ప్రయాణికులనూ సరకునూ కిరాయికి మోసే వాహనాలు అని ‘రకం’ కూడా ఉత్తర్వులో స్పష్టంగా రాయాలి.

అలా రాసే వీలున్నప్పుడు గీత ఎక్కడ గీయాలి? ఈ ప్రాంతాన్ని ఎరిగినవారికి జవాబు కష్టం కాదు. 2018 మార్చిలో మెండోరా దగ్గర కిక్కిరిసిన ఆటో రోడ్డు పక్కనున్న బావిలో పడి మహిళలు, పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఎక్కించుకోవాల్సిన దానికి ఎన్నో రెట్లు జనాన్ని నింపుకొని వెళ్లే ఆటోలో ఉన్నవారికి స్టీరింగ్ పట్టినవాడి చూపూ, చేతులూ తప్ప వేరే రక్ష లేదు. పసుపు ఏరడానికి, కలుపు తీయడానికి తెల్లవారుజామున బయల్దేరే కూలీలకు డ్రైవరును ఎంచుకునే అవకాశం ఉండదు. దేశంలో 2022 ఒక్క ఏడాదిలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. తాగి దొరికినవాడికి ఆ ఆటోను తిరిగి అప్పగించే ఏ పరిమిత లైసెన్సునూ నేను సమర్థించలేను. ఆ డ్రైవరు పిల్లల ఆకలి నిజమే, ఆటోలోని తల్లుల ప్రాణాలూ అంతే నిజం. సరకు మోసే ట్రాలీ సంగతి ఇంకొంచెం క్లిష్టం. దాన్ని రాత్రివేళ జాతీయ రహదారిపై నడుపుతారు, ఎదురుగా బైకుపై వచ్చేవాడికి బస్తాలకూ మనుషులకూ తేడా ఉండదు. అందుకే అక్కడా మినహాయింపు తగదు. అయితే నిషేధం మనిషి మీదే కానీ బండి మీద కాదని అందరూ గుర్తుంచుకోవాలి. తాగి నడిపిన కేసుల్లో తాగని, లైసెన్సున్న మరొకరు ఉంటే వాహనాన్ని వారికి అప్పగించాలని 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు చెప్పింది. తమ్ముడో, కిరాయి డ్రైవరో నడిపితే సంపాదన సగమైనా కిస్తీ ఆగదు, బీమా చెల్లుతుంది.

సడలింపు దక్కాల్సినవారు వేరే ఉన్నారు. రాత్రి షిఫ్టు ఉన్న ఆసుపత్రి ఉద్యోగి, బస్సు వెళ్లని పల్లె నుంచి యార్డుకు హమాలీ పనికొచ్చే మనిషి, పాలు పోయడానికి వెళ్లే రైతు, కిరాయి బండికి దూరమై తాత్కాలికంగా మరో పని వెతుక్కునే డ్రైవరు. వీరికి తొలి తప్పయితే, ప్రమాదం జరగకపోతే, రీడింగ్ ఒక హద్దు దాటకపోతే, రెండు నెలలైనా పూర్తి నిషేధం గడిచాక నిర్ణీత పని వేళల్లో, ఒంటరిగా, సొంత బైకు మీద పనికెళ్లే అనుమతి ఇవ్వవచ్చు. సొంత చేలో దున్నే ట్రాక్టరుకూ, ట్రాలీ తగిలించకుండా, హైవే ఎక్కకుండా అదే పద్ధతి వర్తించవచ్చు. వేళలు, వాహనం, దారి లాంటి షరతులు ఇప్పుడున్న కేంద్ర చట్టంలో లేవు. కానీ మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలోని అంశం, రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్రం సవరణ చేసుకోవచ్చు. 2017 ఆగస్టులో పెనాల్టీ పాయింట్ల పద్ధతిని తెచ్చి దేశం దృష్టిని ఆకర్షించిన తెలంగాణకు ఇది కొత్త సాహసమేమీ కాదు. నిషేధం మొదలయ్యే తేదీని నాలుగు నెలల్లోపు ఎంచుకోనివ్వడాన్ని కూడా ఆ సవరణలోనే చేర్చాలి. అయితే ఆ మధ్యకాలంలో మళ్లీ దొరికితే లైసెన్సు శాశ్వతంగా పోతుందన్న షరతుతోనే అది ఇవ్వాలి.

దీన్ని వ్యతిరేకించేవారి వాదన బలహీనమైనదేమీ కాదు. పనికని ఇచ్చిన అనుమతి పెళ్లి విందుకూ వాడతారు, రోడ్డు మీద ఆపినప్పుడు ‘పనికే పోతున్న’ అనడం ఎవరికైనా తేలిక. పైరవీ ఉన్నవాడికి అనుమతి, లేనివాడికి నిషేధం అన్న పరిస్థితీ రావచ్చు. అందుకే రాయితీకంటే ముందు నిషేధం అమలు కావాలి. ఆర్మూర్ ప్రాంతం నుంచి దుబాయ్, షార్జా వెళ్లి హెవీ డ్రైవర్లుగా చేసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఏడాదిలో 24 బ్లాక్ పాయింట్లు పడితే అక్కడ లైసెన్సు ఆగిపోతుందని వారికి తెలుసు. అక్కడ చుక్క ముట్టకుండా స్టీరింగ్ పట్టిన మనిషే ఇక్కడికొచ్చి అదుపు తప్పుతున్నాడంటే లోపం మనిషి స్వభావంలో కాదు, పట్టుబడతామన్న నమ్మకం ఇక్కడ లేకపోవడంలో ఉంది. అనర్హత ఉత్తర్వు వెలువడిన రోజే పోలీసు పరికరాల్లో కనపడాలి. అది సాధ్యం కానంతవరకు పరిమిత లైసెన్సు గురించి మాట్లాడటం తొందరపాటే.

తాగించేవారి సంగతి కూడా ఈ చర్చలో రావాలి. రహదారుల పక్కన మద్యం దుకాణాలపై 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు విధించిన నిషేధాన్ని తర్వాతి ఉత్తర్వులు పట్టణాల్లో బాగా సడలించాయి. పల్లెల్లో బెల్టుషాపులకు గ్రామాభివృద్ధి కమిటీలే వేలం పెట్టే ఊళ్లూ ఈ జిల్లాలో ఉన్నాయి. డ్రైవరుకు మద్యం పోసినవారినీ, తెలిసి అతని పక్కన కూర్చున్నవారినీ జపాన్ 2007 నుంచి శిక్షిస్తోంది. ఇక్కడ మరో ముప్పు కూడా ఉంది. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం బ్రీత్ ఎనలైజర్‌కు చిక్కదు. మత్తుమందు ప్రభావంలో నడపడమూ 185వ సెక్షన్ కిందికి వస్తుంది కానీ దాన్ని తేల్చాలంటే రక్త పరీక్ష కావాలి. సున్నా రీడింగ్‌తో బయటపడే డ్రైవరు నిజంగా స్పృహలో ఉన్నాడని చెప్పలేం.

చట్ట సవరణకు ఏళ్లు పట్టవచ్చు. కొన్ని పనులకు ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. లైసెన్సుదారుకు పంపే షోకాజ్ నోటీసు తేట తెలుగులో ఉండాలి. అందులో మూడు సంగతులు పెద్ద అక్షరాల్లో రాయాలి: వాదన చెప్పుకొనే హక్కు ఉందని, అప్పీలుకు ముప్ఫై రోజులే గడువని, అనర్హత కాలంలో నడిపి ప్రమాదం చేస్తే పరిహారం సొంత ఆస్తి నుంచి కట్టాల్సి రావచ్చని. జవాబు రాసిపెట్టే పనిని న్యాయసేవా సంస్థ న్యాయవాదులకు అప్పగించవచ్చు. పునశ్చరణ శిక్షణ ఎక్కడో జిల్లా కేంద్రంలో కాకుండా ఆర్మూర్‌లోనే, యార్డుకు సెలవున్న రోజుల్లో జరిగితే హాజరు పెరుగుతుంది. అనర్హత ఉత్తర్వు నకలు వాహన యజమానికీ, ఫైనాన్స్ సంస్థకూ, బీమా సంస్థకూ అదే వారంలో చేరాలి. తాళం ఎవరి చేతికి ఇవ్వకూడదో ఇంట్లో అందరికీ తెలుస్తుంది, కిస్తీ గడువు గురించి ఫైనాన్స్‌వాళ్లతో మాట్లాడుకునే అవకాశమూ దొరుకుతుంది. ఈ పనులన్నీ నిజామాబాద్ రవాణా కార్యాలయం, పోలీసులు, కోర్టులు కలిసి కూర్చుంటే వచ్చే పసుపు సీజన్‌లోపు పూర్తికాదగినవే.